నేస్తుల మేళం

పల్నాటి వీరచరిత్రలో యుద్ధ ఘట్టాల కంటె మనస్సును లోతుగా కలచివేసేది అనపోతు కథ. బ్రహ్మనాయుడి చాపకూటి నీడలో పెరిగిన బాలచంద్రునికి అన్ని కులాలలోనూ నేస్తులున్నారు. వారంతా కలిసి బొంగరాలాడిన వారు, ఒక మాట మీద నిలిచిన వారు. వారిలో అనపోతు బ్రాహ్మణ బాలుడు. కార్యమపూడి రణరంగానికి బయలుదేరిన బాలచంద్రుడు దారిలో ఆలోచనలో పడ్డాడు. తన వెంట వచ్చి ఈ బ్రాహ్మణుడు ప్రాణాలు కోల్పోతే ఆ పాతకం తనను చుట్టుకుంటుందని శంకించాడు. అలాగని "నీవు రావద్దు" అని ముఖాముఖి చెప్పడానికి నోరు రాలేదు. మరచి వచ్చిన ఆభరణాన్ని తెమ్మనే నెపంతో అతణ్ణి వెనక్కి పంపి, మిగిలిన వారితో ముందుకు సాగిపోయాడు. తిరిగివచ్చి సంగతి గ్రహించిన అనపోతు ఆ ఎడబాటును భరించలేక ప్రాణత్యాగం చేశాడు. 12వ శతాబ్ది నాటి ఈ కథ శ్రీనాథుని పేర ద్విపద కావ్యంగా నిలిచింది. ఏటా కార్తిక మాసపు అమావాస్యకు కారెంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాలలో, పంబల మోత నడుమ, వీర విద్యావంతుల గొంతులో ఇప్పటికీ అది పలుకుతూనే ఉంది.

శత్రువు చేతిలో పడిన వారి కథలు వీరగాథలలో అనేకం ఉన్నాయి. నేస్తులు వెనక్కి పంపినవాని కథ అరుదు. అయితే ఇటువంటి సంకటం రణరంగంలోనే ఎదురుకావాలన్న నియమం లేదు. కొందరు చిన్ననాటి స్నేహితులు సరదాగా ఒక మేళం కట్టుకొన్నప్పుడు కూడా అది ఎదురవుతుంది. ఆ మేళానికి క్రమంగా పదును వచ్చి, ఒక స్థాయి, ఒక కోరిక ఏర్పడిన తరువాత, బృందంలో అందరూ ఆ పదునుకు తగరు. స్నేహం అందరినీ రమ్మంటుంది, సంగీతం కొందరినే ఉండమంటుంది. ఈ రెండింటి నడుమ నలిగిన ఒక బాలబృందం కథ ఇంగ్లండు దేశంలోని లివర్‌పూల్ నగరంలో జరిగింది. ఆ బృందం పేరు క్వారీమెన్. 'రాతిగని పనివారు' అని ఆ మాటకు అర్థం.

నాపరాయి తవ్వే గోతులు, సున్నపు బట్టీలు చూస్తూ పెరిగిన మాచర్ల, పిడుగురాళ్ళ ప్రాంతాల విద్యార్థులకు ఈ పేరు వింతగా తోచదు. లివర్‌పూల్ నగర శివారులోని వూల్టన్ కూడా రాతిగనుల ఊరే. ఆ నగరంలోని మహాలయమైన పెద్ద చర్చిని వూల్టన్ ఎర్రరాయితోనే కట్టారు. అక్కడి క్వారీ బ్యాంక్ ఉన్నత పాఠశాల పేరులోనూ గని ఉంది. ఆ పాఠశాల ప్రార్థనాగీతంలో ప్రాచీనులైన రాతిగని పనివారి ప్రస్తావన ఉండేది. రోజూ విసుగుతో పాడిన ఆ పాటలోని మాటనే విద్యార్థులు కొంత వేళాకోళంగా తమ బృందానికి పెట్టుకొన్నారు.

ఆ బృందానికి నాయకుడు జాన్ లెనన్. 1940 అక్టోబరు 9న పుట్టాడు. తల్లిదండ్రులు వేరుపడటం వలన పెద్దమ్మ మిమీ ఇంట పెరిగాడు. చదువుపై శ్రద్ధ తక్కువ, నోటి దురుసు ఎక్కువ. ఆ వీధులలో అతనికి ముగ్గురు ప్రాణస్నేహితులు ఉండేవారు. వారు పీట్ షాటన్, ఐవన్ వాన్, నైజెల్ వాలీ. తోటలలో పండ్లు దొంగిలించడం మొదలుకొని పాఠశాలలో బెత్తం దెబ్బలు తినడం వరకు జాన్‌కూ పీట్‌కూ అన్నింటా సమభాగమే. ఉపాధ్యాయులు ఆ ఇద్దరి పేర్లను వేరు చేసి పలికేవారు కారు.

వీరు పుట్టిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1940, 41 సంవత్సరాలలో జర్మన్ విమానాలు లివర్‌పూల్ రేవుపై కురిపించిన బాంబులకు వీధులకు వీధులే కూలిపోయాయి. యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ళ వరకు ఆ శిథిలాలే పిల్లలకు ఆటస్థలాలు. అప్పట్లో బ్రిటన్‌లో యువకులందరూ రెండేళ్ళు తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలన్న చట్టం ఉండేది. 1939 అక్టోబరు తరువాత పుట్టినవారికి ఆ నిర్బంధం తప్పింది. అందుచేత ఈ తరం యువకులకు పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయస్సు పూర్తిగా తమ చేతికి దక్కింది. బాలచంద్రుని చేతికి ఆ వయస్సులో ఖడ్గం వచ్చింది, వీరి చేతికి గిటారు వచ్చింది.

గిటారు రావడానికి వేరొక కారణం కూడా ఉంది. 1956 ఆరంభంలో లానీ డోనెగన్ అనే గాయకుని 'రాక్ ఐలండ్ లైన్' అనే పాట బ్రిటన్ అంతటా మారుమ్రోగింది. మూలంలో అది అమెరికా దక్షిణ రాష్ట్రాల చెరసాలల్లో నల్లజాతి ఖైదీలు పనిచేస్తూ పాడుకొన్న పాట. కలుపు పాట, నాట్ల పాట ఎలా పుట్టాయో అదీ అలాగే పుట్టింది. డోనెగన్ పాడిన తీరును స్కిఫిల్ అంటారు. దానికి సంగీత శాస్త్ర పరిజ్ఞానం అక్కరలేదు, ఖరీదైన వాద్యాలు అక్కరలేదు. మూడు స్వరమేళనాలు పట్టగలిగిన ఒక చౌక గిటారు చాలు. బట్టలు ఉతుక్కొనే గరుకు రేకుపలకను, వేళ్ళకు దర్జీ తొడుగులు పెట్టుకొని గీరితే అదే తాళవాద్యం. ఖాళీ తేయాకు పెట్టెకు చీపురు కర్ర నిలబెట్టి, దాని కొసనుంచి పెట్టెకు ఒక తాడు బిగించి మీటితే మంద్రస్థాయి పలుకుతుంది. తేయాకు ఆ దేశానికి ప్రధానంగా మన దేశం నుంచి, సింహళం నుంచి చేరేది. మన తోటల కూలీల చేతులమీదుగా వెళ్ళిన పెట్టెలు కూడా ఆ పిల్లల చేతిలో వాద్యాలై ఉంటాయన్న ఊహ అసంగతం కాదు.

బ్రిటన్‌లో ఆ ఏడాది వీధి వీధికీ ఒక స్కిఫిల్ బృందం పుట్టింది. పల్లెల్లో భజన బృందాలు ఎలా ఏర్పడతాయో, అవీ అలాగే ఏర్పడ్డాయి. ఎవరికి ఏది దొరికితే అది వాయిస్తారు, ఎవరింట వసారా ఉంటే అక్కడ కూర్చుంటారు. 1956 చివరిలో జాన్ లెనన్, అతని సహాధ్యాయి ఎరిక్ గ్రిఫిత్స్ గిటార్లు పట్టారు. పీట్ షాటన్‌కు సంగీతం రాదు. తనకు రాదన్న సంగతి అతడికే బాగా తెలుసు. అయినా జాన్ ఉన్నచోట పీట్ లేకపోవడం ఎలా? అందుచేత రేకుపలక అతని చేతికి వచ్చింది. రాడ్ డేవిస్ అనే మరొక సహాధ్యాయి బ్యాంజో కొన్నాడు, దానితో అతడూ చేరాడు. తేయాకు పెట్టె కొన్నాళ్ళు ఒకరి చేతా, కొన్నాళ్ళు మరొకరి చేతా మీటించుకొని, చివరికి లెన్ గ్యారీ దగ్గర స్థిరపడింది. డ్రమ్ములు వాయించేవాడు కోలిన్ హాంటన్. అతడు కుర్చీలకు, సోఫాలకు మెత్తలు, బట్ట బిగించే పనిని కార్ఖానాలో నేర్చుకొంటున్న యువకుడు. వాయిదాల పద్ధతి మీద డ్రమ్ములు కొని, వాటిని తన జీతంలోంచి తీర్చుకొన్నాడు. డ్రమ్ములు ఉన్నవాడు దొరకడమే ఆ బృందానికి మహాభాగ్యం. నైజెల్ వాలీకి వాద్యం కంటె మాటకారితనం ఎక్కువగా అబ్బింది గనుక అతడు నిర్వాహకుడై, 'కచేరీలకు సిద్ధంగా ఉన్నాం' అన్న అర్థం వచ్చే మాటలతో చిన్న కార్డులు అచ్చువేయించి దుకాణాల్లో పెట్టించాడు.

గురువు లేడు. సొమ్ము పెట్టే పోషకుడు లేడు. పాటలు అచ్చువేసే సంస్థ ఊసే లేదు. జాన్‌కు మొదటి పాఠాలు చెప్పింది అతని తల్లి జూలియా. ఆమెకు తెలిసినది బ్యాంజో. అందుచేత కొన్నాళ్ళపాటు జాన్ ఆరు తంతుల గిటారును కూడా బ్యాంజోలాగే శ్రుతి చేసుకొని, ఆ పట్టులతోనే వాయించాడు. గురుముఖతః నేర్చిన విద్యకే విలువ అనే సంప్రదాయంలో పెరిగిన వారికి ఇది అపచారంగా తోచవచ్చు. కాని జానపద గాయకులలో ఎక్కువమంది ఇలాగే నేర్చారు. చూసి, విని, తప్పుగా పట్టి, ఆ తప్పును తమదిగా చేసుకొని నేర్చారు.

స్నేహంలో తొలి బీట ఆడే పాట విషయంలో వచ్చింది. నల్లజాతి వారి రిథమ్ అండ్ బ్లూస్, తెల్లజాతి పల్లెపాటలు కలిసి 1950ల మధ్యలో అమెరికాలో రాక్ అండ్ రోల్ అనే కొత్త సంగీతం పుట్టింది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఎల్విస్ ప్రెస్లీ దానికి ప్రఖ్యాత గాయకులు. జాన్‌కు స్కిఫిల్ ఒక మెట్టు మాత్రమే, అతని మనస్సు రాక్ అండ్ రోల్ మీదనే ఉంది. రాడ్ డేవిస్ జానపద గీతాల పక్షం. 1957లో కావర్న్ అనే నేలమాళిగ సంగీతశాలలో ఈ బృందం పాడింది. ఆ శాలలో జాజ్ సంగీతానికి మాత్రమే మర్యాద. స్కిఫిల్‌ను సహిస్తారు గాని రాక్ అండ్ రోల్‌ను సహించరు. వద్దని రాడ్ ముందే హెచ్చరించాడు. జాన్ వినకుండా ఎల్విస్ పాట అందుకొన్నాడు. వెంటనే ఆ గోల కట్టిపెట్టమంటూ యజమాని దగ్గర నుంచి వేదిక మీదికి ఒక చీటీ వచ్చింది. కొన్నేళ్ళ తరువాత అదే నేలమాళిగ ఆ 'గోల' వలననే జగత్ప్రసిద్ధమైంది.

ఇక 1957 జూలై 6. వూల్టన్‌లోని సెయింట్ పీటర్ చర్చి వార్షికోత్సవం. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మీద వేదికలు కట్టి ఆటపాటలు సాగించడం చూసినవారు ఆ దృశ్యాన్ని తేలికగానే ఊహించుకోగలరు. అలంకరించిన లారీలు వరుసగా ఊరేగుతున్నాయి. ముందు భాగంలో సైనిక వాద్యబృందం రాజసంగా నడుస్తోంది. వెనుక ఒక లారీ మీద, కుదుపులకు పడిపోకుండా నిలదొక్కుకొంటూ, గళ్ళచొక్కా తొడిగిన జాన్, అతని నేస్తులు. ముందున్న మేళానికి వీరి పాట వినబడదు, వీరి పాటకు ముందున్న మేళం అడ్డు తగులుతూనే ఉంటుంది. ఊరేగింపు ముగిశాక చర్చి వెనుక మైదానంలో వేదిక మీద మళ్ళీ పాడారు.

ఐవన్ వాన్ చదువుతున్నది వేరే పాఠశాలలో. అక్కడ తన తరగతివాడైన పాల్ మెకార్ట్నీని ఆనాడు వెంటబెట్టుకొని వచ్చాడు. చిత్రమేమంటే, ఐవన్, పాల్ ఇద్దరూ 1942 జూన్ 18న, లివర్‌పూల్‌లోనే పుట్టినవారు. వేదిక మీద జాన్ ఒక అమెరికన్ పాట పాడుతున్నాడు. దాని చరణాలు అతనికి రావు. పల్లవి పట్టుకొని మిగిలినదంతా అప్పటికప్పుడు కల్పించుకొంటూ పోతున్నాడు. కింద నిలబడిన పాల్ ఆ సంగతి గమనించాడు. తప్పు పట్టుకొన్నందుకు కాదు, ఆ ఆశుధోరణికి అతడు ముగ్ధుడయ్యాడు. సాయంత్రం చర్చి సభామందిరంలో ఐవన్ ఇద్దరినీ కలిపాడు. పాల్ గిటారు తీసుకొని, చరణాలు పొల్లుపోకుండా 'ట్వంటీ ఫ్లైట్ రాక్' పాడాడు. తరువాత జాన్ గిటారును శ్రుతి చేసి ఇచ్చాడు. శ్రుతి చేయడం ఆ బృందంలో ఎవరికీ సరిగా రాదు.

ఆనాటి రాత్రి కచేరీలో కొంత భాగాన్ని బాబ్ మాలినో అనే యువకుడు టేపురికార్డరు మీద పట్టి ఉంచాడు. 37 ఏళ్ళ తరువాత, 1994లో, ఆ టేపు లండన్ వేలంలో 78,500 పౌండ్లకు అమ్ముడైంది.

ఆనాడు పదహారేళ్ళ జాన్ మనస్సులో కలిగిన సంశయాన్ని తరువాతి కాలంలో అతడే చెప్పుకొన్నాడు. తనతో సమానుడో, తనకంటె ఒక మెట్టు పైవాడో అయిన వాణ్ణి చేర్చుకొంటే బృందం బలపడుతుంది, కాని తన పెత్తనం తగ్గుతుంది. చేర్చుకోకపోతే పెత్తనం నిలుస్తుంది, బృందం ఉన్నచోటనే ఉంటుంది. ఏ గ్రామపు నాటక సమాజంలోనైనా, ఏ కళాశాల జట్టులోనైనా నాయకునికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. సాధారణంగా నాయకులు రెండవ దారి పడతారు. జాన్ మొదటిదాన్ని ఎన్నుకొన్నాడు. అతని గొప్పతనానికి అతని పాటలను సాక్ష్యంగా చూపుతారు. ఈ నిర్ణయం వాటికంటె తక్కువ సాక్ష్యం కాదు. కొన్నాళ్ళకు సైకిలు మీద పోతున్న పాల్‌ను ఆపి "మాతో చేరతావా" అని అడిగినవాడు పీట్ షాటన్. తన స్థానానికి చేటు తెచ్చే కబురును తానే మోశాడన్నమాట.

పీట్ నిష్క్రమణ ఒక విందులో జరిగింది. రేకుపలక గీరడం తనకు సిగ్గుగా ఉందని, ఇక తనవల్ల కాదని అతడు పైకే అన్నాడు. జాన్ ఆ రేకుపలక తీసుకొని పీట్ నెత్తి మీద ఒక్క దెబ్బ వేశాడు. పలక ఊడిపోయి చట్రం అతని మెడలో దండలా పడింది. సమస్య తీరిపోయింది. ఇద్దరూ విరగబడి నవ్వుకొన్నారు. చూడటానికి ఇది మొరటుగా ఉన్నా, ఆ బృందంలో జరిగిన అన్ని నిష్క్రమణలలోనూ మర్యాదగా జరిగింది ఇదొక్కటే అనిపిస్తుంది. చెప్పవలసింది ముఖం మీద చెప్పుకొన్నారు, స్నేహం చెక్కుచెదరలేదు. తరువాత జాన్ సంపన్నుడైనప్పుడు పీట్ ఒక దుకాణం కొనుక్కోవడానికి సొమ్మిచ్చాడు.

మిగిలినవారి విషయం అలా జరగలేదు. రాక్ అండ్ రోల్‌లో బ్యాంజోకు చోటు లేకపోవడంతో రాడ్ డేవిస్ క్రమంగా తప్పుకొన్నాడు. అతడు చదువులో పడి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. నైజెల్ వాలీ, లెన్ గ్యారీ అనారోగ్యంతో దూరమయ్యారు. లెన్ మెదడుపొరలకు క్షయ సోకి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇటువంటివి ఎవరి తప్పూ కావు. ఎరిక్ గ్రిఫిత్స్ సంగతి వేరు. 1958 ఆరంభంలో పాల్ తన బస్సు స్నేహితుణ్ణి ఒకణ్ణి తీసుకొచ్చాడు. అతడు పదిహేనేళ్ళు నిండీ నిండని జార్జ్ హారిసన్. మరీ పసివాడని జాన్ మొదట పెదవి విరిచాడు. ఒకనాటి రాత్రి బస్సు పై అంతస్తులో కూర్చొని జార్జ్ 'రాంచీ' అనే వాద్యగీతాన్ని తప్పులేకుండా వాయించి చూపడంతో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు గిటార్లు నాలుగయ్యాయి. నాలుగవది ఎక్కువ. కొత్తగా వచ్చిన విద్యుత్ బేస్ గిటారు కొనుక్కొని వాయించమని ఎరిక్‌కు సూచించారు. అంత సొమ్ము అతని దగ్గర లేదు. ఆపై ఏమీ చెప్పలేదు. పాల్ ఇంట్లో అభ్యాసం పెట్టుకొని అతణ్ణి పిలవడం మానేశారు. జాన్‌తో కలిసి మొదటి గిటారు పట్టినవాడు, బృందం పుట్టిననాటి నుంచి ఉన్నవాడు, తాను ఇక లేనన్న సంగతి పిలుపు రాకపోవడాన్ని బట్టి తెలుసుకోవలసి వచ్చింది. తరువాత అతడు వాణిజ్య నౌకలలో ఉద్యోగం చూసుకొని సముద్రం మీదికి వెళ్ళిపోయాడు.

వారు అంత కఠినులా? అలా తీర్పు చెప్పడం తేలికే. కాని పాల్ తల్లి 1956 అక్టోబరులో చనిపోయింది. 1958 జూలై 15న జాన్ తల్లి జూలియా రోడ్డు దాటుతూ కారు కింద పడి మరణించింది. అంతకు కొద్ది క్షణాల ముందు ఆమెతో మాట్లాడుతూ నడిచినవాడు నైజెల్ వాలీయే. తల్లులను పోగొట్టుకొన్న ఇద్దరు బాలురు ఎదురెదురుగా కూర్చొని గిటార్లు వాయించుకొన్న ఆ గదిలో, ఇతరులు తమకు తెలియకుండానే బయటివారై పోయారు. దానిని కాఠిన్యం అనడం కంటె ఏకాగ్రత అనడం సబబు కావచ్చు. బయట నిలబడినవానికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి.

ఆ 1958లోనే వీరు ఒక ఇంటి గదిలో నడిచే చిన్న రికార్డింగ్ కేంద్రానికి వెళ్ళి, రెండు పాటలతో ఒక గ్రామఫోను రికార్డు చేయించుకొన్నారు. జాన్, పాల్, జార్జ్‌లకు తోడు డ్రమ్ములపై కోలిన్ హాంటన్, పియానోపై జాన్ లో ఉన్నారు. ఖరీదు పదిహేడు షిల్లింగుల ఆరు పెన్నీలు. ఒక్క ప్రతికే సొమ్ము చాలింది. ఐదుగురికీ ఒకటే రికార్డు గనుక, ఒక్కొక్కరు ఒక్కొక్క వారం తమ ఇంట ఉంచుకోవాలని ఒప్పందం చేసుకొన్నారు. చివరగా జాన్ లో ఇంటికి చేరిన రికార్డు అక్కడే ఉండిపోయింది. అతని వంతు వారం ఇరవై మూడేళ్ళు సాగింది. 1981లో పాల్ మెకార్ట్నీ దానిని అతని వద్ద కొనుక్కొన్నాడు.

కోలిన్ కూడా ఎంతోకాలం నిలవలేదు. బస్సు కార్మికుల సంఘంవారి వేదిక మీద ఒకనాడు మొదటి సగం బాగా పాడి, విరామంలో తాగి, రెండవ సగం పాడుచేశారు. ఇంటికి తిరిగివస్తూ బస్సులో మాటా మాటా పెరిగింది. కోలిన్ తన డ్రమ్ములు తీసుకొని తాను దిగవలసిన చోటుకంటె ముందే దిగిపోయాడు. వారితో మళ్ళీ వాయించలేదు.

1960 నాటికి క్వారీమెన్ అనే పేరు కూడా పోయింది. మిగిలిన ముగ్గురూ బీటిల్స్ అయ్యారు. ఆ తరువాతి కథ లోకానికి తెలిసినదే. జర్మనీలోని హాంబర్గు రేవు వీధుల్లో రాత్రంతా పాడటం, 1962 అక్టోబరులో తొలి రికార్డు, ఆపై ప్రపంచఖ్యాతి, 1970లో విడిపోవడం. అందులో ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. 1960 నుంచి రెండేళ్ళు వారి డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్‌ను 1962 ఆగస్టులో, తొలి రికార్డు వెలువడబోయే ముందు, తప్పించారు. ఆ మాట చెప్పే పనిని నిర్వాహకుడైన బ్రయన్ ఎప్‌స్టయిన్‌కు అప్పగించారు. రెండేళ్ళు పక్కపక్కనే పడుకొని, ఒకే గిన్నెలో తిన్న ముగ్గురిలో ఏ ఒక్కరూ అతని ఎదుటికి రాలేదు. అతని స్థానంలో వచ్చిన రింగో స్టార్ ప్రతిభను ఎవరూ కాదనరు. ఎన్నిక సరైనదే. చెప్పిన తీరే సరైనది కాదు. ఆభరణం నెపంతో అనపోతును వెనక్కి పంపిన బాలచంద్రుని సంకోచమే ఇక్కడా కనిపిస్తుంది. ధైర్యవంతులకు కూడా నేస్తుని ముఖం చూసి ఒక కష్టమైన మాట చెప్పే ధైర్యం చాలకపోవడం విచిత్రం. సైనికుల వ్యూహాన్ని ఛేదించినవాడు ఒక వాక్యాన్ని పలకలేకపోయాడు.

ఆ ఇద్దరినీ కలిపిన ఐవన్ వాన్ మేళంలో నిలవలేదు, నిలవాలని కోరుకోనూ లేదు. మనస్తత్వశాస్త్రం చదివి అధ్యాపకుడయ్యాడు. పాల్‌తో అతని స్నేహం కడవరకు సాగింది. 1965లో బీటిల్స్ పాడిన 'మిషెల్' పాటలోని ఫ్రెంచి మాటలు, ఫ్రెంచి బోధించే ఐవన్ భార్య అందించినవే. నడివయస్సులోనే అతనికి పార్కిన్సన్ వ్యాధి సోకింది. చేతులు వణికే ఆ జబ్బుతో తన జీవితాన్ని గురించి 1986లో ఒక పుస్తకం ప్రచురించాడు. 1993లో మరణించాడు. అతని మరణవార్త విని పాల్ రాసుకొన్నది పాట కాదు, కవిత. వేలమంది ముందు పాడదగినది కాదనుకొన్నాడేమో.

వెనుకబడిన వారందరూ అనపోతులు కాలేదు. ఎవరి బ్రతుకు వారు బ్రతికారు. కోలిన్ తాను నేర్చిన పనితోనే జీవించాడు, డ్రమ్ములు అటకెక్కాయి. పీట్ షాటన్ భోజనశాలలు నడిపాడు. ఎరిక్ గ్రిఫిత్స్ నౌకలు వదిలి ఒడ్డున ఉద్యోగం చేశాడు. నలభై ఏళ్ళు గడిచాయి. 1980 డిసెంబరులో జాన్ లెనన్ న్యూయార్కులో హత్యకు గురయ్యాడు. అతణ్ణి గురించి వందల పుస్తకాలు వచ్చాయి. వాటన్నిటిలోనూ మొదటి అధ్యాయపు పుటల్లో ఈ పేర్లు ఒకసారి కనిపించి మాయమయ్యేవి.

1997లో, వూల్టన్ చర్చి ఉత్సవానికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా, ఆనాటి బాలురను మళ్ళీ ఒకచోట చేర్చారు. పీట్ షాటన్ వచ్చాడు. రాడ్ డేవిస్, లెన్ గ్యారీ, కోలిన్ హాంటన్ వచ్చారు. తలలు నెరిసిన వారు అదే చర్చి ఆవరణలో, అవే పాటలు పాడారు. జనం విన్నారు. ఆ సరదా అక్కడితో ఆగక ఒక సంగీత సంపుటిగా వెలువడింది. దానికి 'గెట్ బ్యాక్ - టుగెదర్' అని పేరు పెట్టారు. తరువాత వారు దేశదేశాలు తిరిగి కచేరీలు చేశారు. పీట్ చేతిలో మళ్ళీ ఆనాటి తీగ పెట్టె, రేకుపలక ఉన్నాయి. వాటిని వాయించడం రాదని ఎవరూ అతణ్ణి నిలదీయలేదు.

ఎరిక్ గ్రిఫిత్స్‌కు కూడా పిలుపు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా గిటారు ముట్టనివాడు మళ్ళీ తంతులు బిగించుకొన్నాడు. 2005లో మరణించేవరకు అతడు ఆ బృందంలోనే వాయించాడు.